ఏడో సీన్‌లో పడిపోయిన వాచ్‌మన్: ఒక స్క్రిప్టు కేస్ స్టడీ

ఈ కేసు ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్ స్క్రిప్టుది. రాసినవాడు పరకాల వైపు పల్లెటూరి యువకుడు, మిర్చి రైతు కొడుకు. హనుమకొండలో ఉండి స్క్రిప్టులు చదవడం, రచయితలతో కూర్చుని వాటిని సరిచేయడం నా పని. నా దగ్గరికి వచ్చే ప్రతీకార కథల్లో చాలావాటికి ఒకటే లోపం. కొట్టేదాకా అంతా నిజంలా ఉంటుంది, కొట్టిన తర్వాత ఏదీ నిజంలా ఉండదు. ఈ స్క్రిప్టులో ఆ లోపం ఎక్కడ బయటపడింది, దాన్ని పట్టుకుని పోతే కథ ఎటు తిరిగింది అన్నది కొత్తగా రాస్తున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. రచయితకు చెప్పే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటి డ్రాఫ్టు కథ ఇది. నకిలీ విత్తనాలతో మిర్చి పంట పోయి, అడ్తిదారు (మార్కెట్ కమిషన్ ఏజెంటు) దగ్గర చేసిన అప్పు తీరక ఒక రైతు చనిపోతాడు. అప్పటికి అతని కొడుకుకు పదేళ్లు. పదిహేనేళ్ల తర్వాత ఆ కొడుకు పేరు మార్చుకుని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో హమాలీగా చేరతాడు. అడ్తిదారు ఈలోగా పెరిగి కోల్డ్ స్టోరేజీ యజమాని అయ్యాడు. మొదటి ఎపిసోడ్ ఏడో సీన్‌లో హీరో రాత్రిపూట కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో దూరి, వాచ్‌మన్‌ను కర్రతో తలమీద కొట్టి, పాత లెక్కల పుస్తకం ఎత్తుకొస్తాడు. నాలుగో ఎపిసోడ్‌లో అతని భుజంలో కత్తి దిగుతుంది. ఏడో ఎపిసోడ్‌లో కోల్డ్ స్టోరేజీకి నిప్పు పెట్టి, వెనక మంటలు లేస్తుంటే ముందుకు నడిచొస్తాడు. ఎనిమిదో ఎపిసోడ్ కోర్టు. తీర్పు చదవబోతుండగా సాక్షి పరుగెత్తుకొస్తాడు.

స్క్రిప్టులో బలం లేదని కాదు. మార్కెట్‌ను ఇంత దగ్గరగా చూపించిన రాత నాకు అరుదుగా కనిపించింది. తెల్లవారకముందే యార్డులో దిగే బస్తాల వరుసలు, తాలు ఏరే ఆడవాళ్ల కళ్ల మంటలు, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయిల తొందర, అన్నీ ఉన్నాయి. జెండా పాట సీన్ మరీ బాగుంది. మంచి లాటు ఒకటి చూపించి పెద్ద ధర పాడతారు. అదే ధర వస్తుందన్న ఆశతో కూర్చున్న రైతు దగ్గరికి వచ్చేసరికి తేమ ఉందని, రంగు తగ్గిందని క్వింటాలుకు వేలల్లో కోస్తారు. ఆ సీన్ రాసిన చేయి ఆ బస్తా పక్కన కూర్చున్న చేయి. అందుకే ఏడో సీన్ దగ్గరికి వచ్చేసరికి నాకు బాధ కలిగింది. మార్కెట్ అంతా తను చూసింది రాసినవాడు, ఆ ఒక్క దెబ్బను మాత్రం పాత సినిమాల నుంచి తెచ్చుకున్నాడు.

ఆ సీన్‌లో రాసింది ఇంతే: "హీరో కొడతాడు. వాచ్‌మన్ కుప్పకూలతాడు. కట్." రెండో ఎపిసోడ్‌లో ఎవరో "వాచ్‌మన్‌కు స్పృహ వచ్చింది, దొంగ మొహం చూడలేదట" అంటారు. ఆ తర్వాత ఆ మనిషి కథలో లేడు.

స్క్రిప్టును మార్కెట్ మనుషులకు వినిపించడం నా పద్ధతి. ఒక సాయంత్రం కొందరు హమాలీలను కూర్చోబెట్టి మొదటి రెండు ఎపిసోడ్లు చదివించాను. బాగుందన్నారు, నవ్వాల్సిన చోట నవ్వారు. అందరూ లేస్తుండగా ఒక పెద్దమనిషి కూర్చున్న చోటే ఉండి అడిగాడు:

"అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, గా వాచ్‌మెన్ ఏమైండు?"

"ఆయనకేం కాలె తాతా, లేచి ఇంటికి పోయిండు."

"ఇంటికి పోయినంక?"

రచయిత దగ్గర జవాబు లేదు. ఆ పెద్దాయన అంతటితో వదల్లేదు. "కర్ర దెబ్బ నెత్తి మీద పడ్డోడు లేచి పోతడు. పోయినంకనే ఏమైతదో ఎర్కైతది" అన్నాడు. ఆయన ఎవరిని తలుచుకుని అన్నాడో మేం అడగలేదు. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచింది.

తల దెబ్బ

కథల్లో తలమీద దెబ్బ కొడితే మనిషి రెండు గంటలు పడుకుని లేస్తాడు. ఒంట్లో ఇంకేమీ జరగదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన ఒక డాక్టరు దగ్గర మేమిద్దరం కూర్చుని ఆ సీన్ చదివి వినిపించాం. చుట్టుపక్కల జిల్లాల నుంచి బండ్ల ప్రమాదాలు, కొట్లాటల తల గాయాలు అక్కడికే వస్తాయి గనక ఈ ప్రశ్న ఆయనకు కొత్త కాదు. ఆయన మొదట అడిగింది ఒకటే: ఎంతసేపు స్పృహ లేకుండా ఉన్నాడు? మామూలు దెబ్బకు స్పృహ పోతే క్షణాల్లోనో ఒకటి రెండు నిమిషాల్లోనో వస్తుంది. రెండు గంటలు రాలేదంటే అది మెదడుకు తగిలిన పెద్ద గాయమే, ఆ మనిషి తల రుద్దుకుంటూ లేచి నడవడు.

సీన్‌లో వాచ్‌మన్ లేచి ఇంటికి నడిచి పోవాలి, అయినా ప్రమాదం ఉండాలి. అట్లా జరుగుతుందా అని అడిగాం. జరుగుతుందన్నాడు. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే పుర్రెకూ మెదడు పై పొరకూ నడుమ రక్తం చేరుతూ ఉంటుంది. డాక్టర్లు దాన్ని ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. మొదట కాసేపు స్పృహ పోయి వస్తుంది. ఆ తర్వాత కొన్ని గంటలు మనిషి మామూలుగానే ఉండొచ్చు. మాట్లాడతాడు, నడుస్తాడు, చాయ్ తాగుతాడు. లోపల రక్తం గడ్డ పెరిగి మెదడును ఒత్తే కొద్దీ తలనొప్పి, వాంతులు, మత్తు. ఒక కంటిపాప పెద్దదవుతుంది. సమయానికి సీటీ స్కాన్ తీసి, పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే బతుకుతాడు, చాలామంది బాగా కోలుకుంటారు కూడా. ఆలస్యమైతే చావో, తీరని లోపమో.

బయటికి వచ్చాక రచయిత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అక్కా, గాయన యెంబడి పోతే హీరో కథ ఆగమైతది." ఆ భయం అర్థం లేనిది కాదు. ఎనిమిది ఎపిసోడ్లు జనం హీరో వైపు ఉండాలి. మొదటి ఎపిసోడ్‌లోనే అతని చేత్తో ఒక పేదవాడి బతుకు పోతే ఆ తర్వాత అతని పగను ఎవరు మోస్తారు? నేను ఒకటే అడిగాను: ఇంటికి పోయిన తర్వాతి ఆరు గంటలు రాసి తీసుకురా, హీరోను అందులోకి రానివ్వకు. నచ్చకపోతే తీసేద్దాం.

అతను తెచ్చిన సీన్‌లో కొంత భాగం ఇక్కడ ఇస్తున్నాను. సిరీస్ మొత్తానికి ఇదే ఆయువుపట్టు అయింది.

"పొద్దుగాల ఆరు. వాచ్‌మన్ ఇంటికి వస్తాడు. ఒక చెప్పు గడప బయట విడుస్తాడు, రెండోది కాలికే ఉంటుంది, లోపలికి నడుస్తాడు. భార్య చూస్తుంది.

'రాత్రి మల్ల తాగినవా?'

'తాగలే. నెత్తి పలుగుతాంది.'

చాయ్ ఇస్తుంది. రెండు గుక్కలు తాగి గోడ పక్కకు పోయి కక్కుతాడు. ఆమె నీళ్ల చెంబు అందించి మొహం తిప్పుకుంటుంది. అతను చాప మీద ఒరుగుతాడు. ఆమె తలకు గుడ్డ కట్టుకుని మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. పోయే ముందు తలుపు దగ్గరేస్తుంది, వెలుతురు కళ్లల్ల పడొద్దని.

మధ్యాహ్నం. తొడిమల కుప్ప దగ్గర ఫోను. పక్కింటామె గొంతు: 'మీ ఆయన గట్టిగ గురుక వెడుతాండు. లేపితే లేస్తలేడు.' ఆమె కుప్ప మీంచి లేవదు. 'రాత్రి డ్యూటీ జేసి అచ్చిండు, పండుకోనియ్యి' అంటుంది. ఎడమ చేతిలో ఉన్న కాయ తొడిమ తీసి పక్కన పెడుతుంది. అప్పుడు ఆగుతుంది."

గురక సంగతి డాక్టరు చెప్పిందే. స్పృహ తప్పినవాడి నాలుక వెనక్కి జారి, గాలికి అడ్డుపడి గురకలా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు గాఢ నిద్ర అనుకుంటారు. తాగుడు అనుమానం మాత్రం రచయిత సొంతంగా రాసింది. తల దెబ్బతో మాట తడబడినవాణ్ని తాగి వచ్చాడనుకుని పడుకోబెట్టడం మా ప్రాంతంలో ఎవరికైనా తెలిసిన సంగతే. దీన్ని హమాలీల ముందు చదివినప్పుడు తొడిమ దగ్గర ఒకామె "అయ్యో" అంది. హీరో పేరు ఆ సీన్‌లో ఎక్కడా లేదు. అయినా చదువుతున్నంతసేపూ అందరూ అతని గురించే ఆలోచించారు.

ఇక్కడినుంచి కథను తోసే పని మాకు పెద్దగా లేకపోయింది. ముందుగా తేల్చాల్సింది, వాచ్‌మన్ చనిపోవాలా వద్దా అన్నది. చనిపోతే కథ శుభ్రంగా ఉంటుందని రచయిత అన్నాడు. నాకు ఆ శుభ్రమే అనుమానం. చావు ఒక ఎపిసోడ్‌లో అయిపోతుంది, శవయాత్ర ఒకటి చూపించి ముందుకు పోవచ్చు. బతికినవాణ్ని దాటిపోవడానికి వీల్లేదు, ప్రతి ఎపిసోడ్‌లో అతను మంచం మీద కూర్చునే ఉంటాడు. దెబ్బ ఎడమ కణత మీద, ఆపరేషన్ ఆలస్యంగా. గడ్డ తీశారు, ప్రాణం దక్కింది. కుడి చేయి, కుడి కాలు పట్టు తప్పాయి. ఎదుటివాళ్ల మాట అర్థమవుతుంది, తన మాట నోటికి రాదు. ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో అతను హీరో మొహం చూశాడు. చూసిన సంగతి అతనికి తెలుసు, చెప్పలేడు.

ఆ తర్వాత డబ్బు. మొదటి డ్రాఫ్టులో డబ్బంటే విలన్ బీరువాలో ఉండే కట్టలే. ఇప్పుడు అది వాచ్‌మన్ ఇంటి ఖర్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది కాబట్టి ఆపరేషన్ ఖర్చుకు ఒక దారి ఉంది. ఆ తర్వాతి నెలలు ఎట్లా? ఈఎస్‌ఐ కార్డు ఉంటే, డ్యూటీలో తగిలిన దెబ్బకు పనిచేయలేని కాలంలో జీతంలో 90 శాతం దాకా వస్తుంది. కథలో వాచ్‌మన్‌కు కార్డు లేదు. "మా మనిషి కాదు, ఊరికే రాత్రిపూట వచ్చి పడుకునేటోడు" అని అడ్తిదారు పోలీసుల ముందు చెబుతాడు. అదే మనిషి సాయంత్రం ఆసుపత్రికి వచ్చి భార్య చేతిలో ఇరవై వేలు పెడతాడు. ఆమె అతని కాళ్లు మొక్కుతుంది. రచయితకు ఈ సీన్ రాయడం చాలా కష్టమైంది, రాసినప్పుడు చెయ్యి వణికిందన్నాడు. తండ్రి చావుకు కారణమైనవాడు ఇంకొకరి ఇంటికి దేవుడయ్యాడు, అట్లా చేసింది హీరో కొట్టిన దెబ్బ. ఇక హీరోకు సాక్ష్యం కావాలంటే ఆ ఇంటివాళ్ల గడపే ఎక్కాలి, వాళ్లు విలన్ పక్షాన ఉన్నారు.

ఒక దశలో రచయిత ఇంకో దారి తెచ్చాడు: వాచ్‌మన్ కొడుకు పెరిగి పెద్దవాడై హీరో మీద పగ తీర్చుకోవాలని. అది కూడా పాత సరుకే, కొత్త మూటలో. తీసేశాం. ఆ కొడుకు చదువు మాని మెకానిక్ షాపులో చేరతాడు. అంతకుమించి ఏమీ చేయడు.

నిప్పు

రెండో పెద్ద మార్పు మంటలది. విలన్ గోదాం తగలబెట్టడం మనవాళ్లకు ఎప్పటినుంచో ఇష్టమైన ముగింపు. ఆ గోదాంలో ఉన్న సరుకు ఎవరిది అని ఆ కథల్లో ఎవరూ అడగరు.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో సరుకు చాలావరకు రైతులది. ఫిబ్రవరి నుంచి పంట ఒక్కసారి వచ్చి పడి ధర జారినప్పుడు, కొంచెం ఓపిక పట్టగలిగినవాళ్లు బస్తాలు అందులో పెట్టి బాండు కాగితం తీసుకుంటారు. ఆ కాగితం మీదే అప్పు తెచ్చుకుంటారు, వానాకాలం పెట్టుబడికో, పెళ్లికో, పిల్లల ఫీజులకో. ధర పెరిగాక అమ్మి, అప్పు, వడ్డీ, అద్దె పోను మిగిలింది ఇంటికి తీసుకుపోతారు. రచయితను తీసుకుని ఒక కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్లాను. బయట ఎండ మాడిపోతుంటే లోపల దవడలు కొట్టుకునే చలి. చెక్క అరల మీద ఒకదాని మీద ఒకటిగా గోనె బస్తాలు. ప్రతి బస్తా మీద నల్ల రంగుతో రైతు పేరు, ఊరు, లాటు నంబరు. రేగొండ. చిట్యాల. నర్సంపేట. శాయంపేట. రచయిత ఫోను లైటు వేసి ఒక్కొక్కటీ చదువుతూ నడిచాడు. తన మండలం పేరు కూడా కనిపించింది. అక్కడ అతనేమీ అనలేదు. బయటికి వచ్చాక, "ఏడో ఎపిసోడ్ చింపేస్త అక్కా" అన్నాడు.

చింపొద్దన్నాను. నిప్పు పెట్టకపోవడం కూడా ఒక అలవాటైన ముగింపే. అగ్గిపుల్ల గీసి, బస్తా మీద పేరు చూసి, కన్నీళ్లు పెట్టుకుని ఆర్పేయడం. దానివల్ల హీరోకు మంచితనం వస్తుందేమో, కథకు ఏమీ రాదు. నిప్పు పెట్టనివ్వాలి. ఏడో ఎపిసోడ్ చివర మాత్రం వద్దు, మూడో ఎపిసోడ్ చివర పెట్టించాలి. ఈ పనిలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఏదైనా ఉంటే అది ఇదే: ఘటన కథ చివర ఉంటే దాని ఫలితానికి చోటుండదు. తెర పడిపోతుంది, బూడిద ఎవరు ఎత్తారో తెలియదు. అదే ఘటనను నడుమకు జరిపితే, ఆ తర్వాత ఉన్న ఎపిసోడ్లన్నీ దానికి జవాబు చెప్పుకోవాల్సిందే. మా కథ నిర్మాణం చాలావరకు ఈ ఒక్క జరపడంతోనే తేలిపోయింది.

మంట ఎట్లా ఉంటుందన్నది కూడా రాసుకున్నాం. కోల్డ్ స్టోరేజీ గోడల్లో చలి నిలవడానికి థర్మోకోల్ లాంటి పొరలుంటాయి, అవి అంటుకుంటే మంట వేగంగా పాకుతుంది. బస్తాల్లో చొచ్చుకున్న నిప్పు పైకి ఆరినట్టే కనిపించి లోపల రాజుకుంటూ ఉంటుంది. మిర్చి పొగ కళ్లను, గొంతును కాల్చేస్తుంది. ఆ మంటల ముందు ఎవరూ తీరిగ్గా నడిచి రాలేరు. హీరో దగ్గుతూ, కళ్లు తెరవలేక, గోడ తడుముకుంటూ బయటపడతాడు. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం చలి యంత్రాల్లో ఉండే అమ్మోనియా. గొట్టాలు పగిలితే ఆ వాయువు చుట్టుపక్కల ఇళ్లలోకి పోతుంది. అగ్నిమాపక సిబ్బంది మొహాలకు మాస్కులు తగిలించుకుని లోపలికి పోతుండగా, పోలీసులు రాత్రికి రాత్రి వాడ ఖాళీ చేయిస్తారు. ముసలివాళ్లను మంచాలతో సహా మోసుకుపోతున్న వరుసలో వాచ్‌మన్ మంచం కూడా ఉంటుంది. ఈ ఒక్కచోట యాదృచ్ఛికాన్ని ఒప్పుకున్నాను, అతని ఇల్లు ఆ వాడలోనే ఉందని మొదటి ఎపిసోడ్‌లోనే చూపించాం కాబట్టి.

తెల్లారి గేటు ముందు బాండు కాగితాలు పట్టుకున్న రైతులు. ఈ సీన్‌లో ఎవరూ అరవరు. "పైసలెప్పుడిస్తరు" అని కూడా అడగరు. ఎవరి బస్తాలు ఏ ఛాంబరులో ఉన్నాయన్నదొక్కటే ఒకరినొకరు అడుగుతుంటారు. ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తాడు. పాలసీ యజమాని పేరు మీద ఉంది. బ్యాంకు అప్పున్న సరుకుకు వచ్చే డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది. రైతు వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. టీవీ కెమెరాల ముందు అడ్తిదారు తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటాడు. అతని ఏడుపు నటన కాదు, అతనికి నిజంగానే నష్టం జరిగింది. ఆ రోజు నుంచి ఊరంతా అతని మీద జాలి. హీరో పక్కన బస్తా మోసే హమాలీలకు పని లేదు.

చట్టం కూడా ఊరుకోదు. సరుకు నిల్వ ఉంచే భవనాన్ని నాశనం చేయాలని నిప్పు పెడితే భారతీయ న్యాయ సంహిత 326(జి) కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. తీర్పు సీన్లో హీరోకు చప్పట్లు కొట్టించే కథలు ఈ మాట ఎత్తవు.

భుజంలో కత్తిపోటు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. భుజం దగ్గర చేతికి పోయే నరాల కట్ట, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. తెరమీద హీరోలకు అది చిన్న గాయం. ఇతను హమాలీ వేషంలో ఉన్నాడు. నలభై కిలోల బస్తా మోసేది ఆ భుజమే. చేయి తిమ్మిరెక్కి, బస్తా లాగే ఇనుప కొక్కెం పట్టు జారుతుంటే మూడో రోజుకే తోటివాళ్లకు అనుమానం వస్తుంది. అతని వేషం బయటపడేది అక్కడే.

కోర్టు, పుస్తకం

పరుగెత్తుకొచ్చే సాక్షిని తీసేశాం. సాక్షుల జాబితా చార్జిషీటుతోనే వస్తుంది. కొత్త సాక్షిని పిలిపించే అధికారం ఏ దశలోనైనా కోర్టుకు ఉంటుంది, దానికి పిటిషన్ వేయాలి, అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు, వాయిదా పడుతుంది. తలుపు తోసుకుని వచ్చి బోనెక్కడం ఉండదు.

లెక్కల పుస్తకం మాత్రం వదల్లేదు. అది హీరో తండ్రి అప్పును ఎట్లా పెంచారో చూపించే పుస్తకం. ఎత్తుకొచ్చిన పుస్తకం కాబట్టి పనికిరాదని రచయిత అనుకున్నాడు. ఒక వకీలును అడిగితే వేరే సంగతి తెలిసింది. దొంగతనంగా వచ్చిందన్న ఒక్క కారణంతో మన కోర్టులు సాక్ష్యాన్ని పక్కన పెట్టవు. అయితే పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన ఎవరి మీదా బాధ్యత రుజువు కాదు, దానికి తోడు వేరే సాక్ష్యం కావాలి. ఇంకా పెద్ద చిక్కు: పుస్తకం కోర్టులో పెడితే, ఆ రాత్రి ఆఫీసులోకి దూరింది ఎవరో తేలిపోతుంది. తండ్రికి న్యాయం చేసే కాగితమే వాచ్‌మన్‌ను కొట్టింది తనేనని చెప్పే కాగితం.

చివరి మలుపు నేను సూచించింది కాదు, రచయితకే తట్టింది. హీరో ఇన్నాళ్లూ ఆ పుస్తకంలో తండ్రి పేరున్న పేజీలే చూశాడు. వెనక పేజీల్లో ప్రతి నెలా ఒక పద్దు ఉంటుంది: రాత్రి కాపలా, ఇంత ఇచ్చినది, పక్కన వాచ్‌మన్ వేలిముద్ర. "మా మనిషి కాదు" అన్నవాడి చేతిరాతే అది. డ్యూటీలో తగిలిన దెబ్బకు చట్టం ప్రకారం పరిహారం అడగాలంటే ఆ కుటుంబం ముందు రుజువు చేయాల్సింది, అతను అక్కడ పనిచేసేవాడని. దానికి ఆధారం హీరో దగ్గరుంది. ఇస్తే తను జైలుకు పోతాడు, తండ్రి కేసు గెలుస్తాడన్న నమ్మకమూ లేదు.

రెండో డ్రాఫ్టులో వేరే ఇబ్బంది వచ్చింది. తెలుసుకున్నదంతా స్క్రిప్టులోకి ఎక్కింది. ఐసీయూ సీన్లు పేజీలకు పేజీలు, స్పృహను కొలిచే జీసీఎస్ స్కోర్లు, స్కాన్ వివరాలు. పోలీసు అధికారి సెక్షన్లు చదువుతూనే ఉన్నాడు. చాలావరకు కొట్టేశాం. ఒక వివరం ఉండాలంటే అది ఎవరో ఒకరి చేత ఏదో ఒక పని చేయించాలి. గురక ఉంది, ఆమెను ఆపింది కాబట్టి. స్కాన్ ఫిల్ము పోయింది. బస్తా మీద పేర్లు ఉన్నాయి. ఇన్సూరెన్స్ నిబంధనల మీద రాసిన నాలుగు డైలాగులు ఒక్క వాక్యమయ్యాయి.

అన్ని పాత పద్ధతులనూ నేను తోసేయలేదు. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన హీరోను విలన్ గుర్తుపట్టకపోవడం అలవాటైన మలుపే. అయినా పదేళ్ల పిల్లాడి మొహం ఇరవై అయిదేళ్లకు మారుతుంది, ఆ అడ్తిదారు దగ్గర అప్పుచేసి దెబ్బతిన్న రైతులు ఎందరో. గుర్తుంచుకోవాల్సిన అవసరం అతనికి రాలేదు. ఆ మరుపు కథకు ఇంకా బలమిచ్చింది. మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారుడు మధ్యమధ్య ఆగి వినేవాళ్లతో మాట్లాడే తీరు ఒకటి రెండు చోట్ల వాడుకున్నాం, అది కూడా ఉంచాను.

ఈ సిరీస్ తీయబోయే దర్శకుడికి మాత్రం ఒక అభ్యంతరం ఉంది. ఇట్లాంటివి మన జనం చూడరంటాడు. ఆయన అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మాటను ఒప్పుకోను. మేడారం సమ్మక్క సారలమ్మల కథ వింటూ పెరిగిన జనం వీళ్లు. కప్పం కట్టబోమన్నందుకు యుద్ధం వచ్చి పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి మళ్లీ కనిపించలేదు. ఆ కథలో గెలిచి ఇంటికి వచ్చినవాళ్లు లేరు. రెండేళ్లకోసారి లక్షల జనం ఆ గద్దెల దగ్గరికే పోతారు. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో స్త్రీపర్వం ఉంది. యుద్ధం గెలిచిన వెంటనే కథ కోటకు పోలేదు, కొడుకుల శవాల నడుమ తిరిగే గాంధారి దగ్గరికి పోయింది. దెబ్బ తగిలాక ఏమైందని అడగడం మనవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. హమాలీ పెద్దమనిషి అడిగింది కూడా అదే.

ప్రస్తుతం స్క్రిప్టు ఇట్లా ఉంది. ఎనిమిదో ఎపిసోడ్‌లో హీరో పుస్తకాన్ని వాచ్‌మన్ భార్యకు ఇస్తాడు. ఇచ్చేటప్పుడు తనే కొట్టానని చెబుతాడు. ఆమె క్షమించదు, తిట్టదు కూడా. పుస్తకం తీసుకుని, "మల్ల ఇటు రాకు" అంటుంది. తర్వాత ఆమె లేబర్ ఆఫీసులో పిటిషన్ వేస్తుంది, హీరో రిమాండుకు పోతాడు. పరిహారం ఇమ్మని అధికారి ఉత్తర్వు చదివే సీన్ ఒకటి కావాలని దర్శకుడు పట్టుబడుతున్నాడు. రచయితా నేనూ ఒప్పుకోలేదు. ఆ పిటిషన్ తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆ ఆఫీసు మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు, దాన్ని ఒక్క సీన్‌లో తేల్చేస్తే తీసేసిన సాక్షి వేరే తలుపులోంచి వచ్చినట్టే. చివరికి, ఆమె వాయిదా తేదీని మిర్చి కూలి లెక్కలు రాసుకునే చిన్న నోటు పుస్తకంలో రాయించుకునే దగ్గర ఆపుదామన్నాం. దర్శకుడు ఆలోచించుకుని చెబుతానన్నాడు. షూటింగ్ మాత్రం ఫిబ్రవరి తర్వాతే, యార్డు నిండా నిజం బస్తాలు దిగేది అప్పుడే.